ఆట మూసేస్తే నాణేలు ఎక్కడికి పోతాయి?

మూడో లెవెల్ దాటావు, 250 నాణేలు పోగేశావు. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది. ఆట మూసేసి, తిని వచ్చి తెరిస్తే నాణేలన్నీ భద్రంగా ఉన్నాయి. ఎలా?

ఆట నడుస్తున్నంతసేపూ ఆ 250 ర్యామ్‌లో ఉంటుంది. మూసేయగానే ఆ చోటు వేరే పనికి పోతుంది. అందుకే ఆటను నడిపే కోడ్, అంటే స్క్రిప్టు, దాన్ని ముందే డిస్కు మీద ఒక ఫైల్లో రాసిపెట్టాలి. 1987లో అమెరికాలో వచ్చిన 'లెజెండ్ ఆఫ్ జెల్డా' అనే వీడియో గేమ్ క్యాసెట్లోనైతే ఇందుకోసం బుల్లి బ్యాటరీయే పెట్టారు!

ఇప్పుడు ఆటలు తయారుచేసే గోడాట్ ఇంజిన్ సంగతి చూద్దాం. 'రెస్' అనే దారిలో ఆట బొమ్మలు, శబ్దాలు ఉంటాయి. ఆటను ఎక్స్‌పోర్ట్ చేశాక అక్కడ చదవడమే, రాయడం కుదరదు. రాతకోతలకు 'యూజర్' దారి ఉంది. ఇది తెలియక మొదటి దారిలో సేవ్ చేస్తే, ఎడిటర్లో భేషుగ్గా నడిచిన ఆట స్నేహితుడి కంప్యూటర్లో చతికిలపడుతుంది.

ఫైలు తెరవాలి, రాయాలి, మూయాలి. అంతే. కానీ ఒక తిరకాసుంది. 'రైట్' మోడ్‌లో తెరిచిన మరుక్షణమే పాతదంతా చెరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందనుకో, పాతదీ లేదు, కొత్తదీ లేదు! అందుకే జాగ్రత్తపరులు ముందు వేరే పేరుతో రాసి, అది పూర్తయ్యాకే పాత ఫైలు పేరు దానికి పెడతారు.

ఇంకో తమాషా. గోడాట్‌లో సమాచారాన్ని జేసన్ అనే పద్ధతిలో దాచి, తిరిగి చదివితే మన 250 కాస్తా దశాంశ సంఖ్యగా, 250.0గా వస్తుంది. అర నాణెం ఎవరిస్తారు? దాన్ని స్క్రిప్టులోనే మళ్లీ పూర్ణాంకంగా మార్చుకోవాలి.