ముదిమి వేఱు, మతిమఱపు వ్యాధి వేఱు



ఇంటిలోని ముసలివారు చెప్పిన మాటనే నాలుగుసార్లు చెప్పినచో "పెద్దతనము, ఏమి చేయుదుము?" అని మనము ఊరకుందుము. డబ్బు దాచిన చోటు తామే మఱచి, కోడలు తీసినదని నిందించినచో "చాదస్తము" అని చాటున నవ్వుకొందుము. పొలమునుండి ఇల్లు చేరు దారి తప్పినచో గాలి సోకినదని తాయెత్తు కట్టింతుము. పెద్దతనము, చాదస్తము, గాలి అను ఈ మూడు మాటలలోను ఒకే పొరపాటు దాగియున్నది. రోగమును రోగమని గుర్తింపకుండుటయే ఆ పొరపాటు. నేడు నేను మనవి చేయదలచినది ఇంతియే: ముదిమి వేఱు, మతిని హరించు వ్యాధి వేఱు. రెంటిని వేఱుపఱచి చూపు పద్ధతులు నేడు కలవు. వాని నుపయోగించుటలో ఆలస్యము చేసినచో నష్టపోవువారము మనమే.

వయస్సు వచ్చినకొలది జ్ఞప్తి కొంత మందగించుట సహజము. సంతలో కనబడినవాని పేరు అప్పటికి స్ఫురింపదు. ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు త్రాగుచుండగా స్ఫురించును. కండ్లజోడు ఎచ్చట పెట్టితిమో వెదకుకొందుము. ఇది రోగము కాదు. కాని సంతలో ఎదురైనవాడు తన వియ్యంకుడని యెఱుగకపోవుట, ప్రొద్దున భోజనము చేసియు తనకు అన్నమే పెట్టలేదని యలుగుట, నలువదియేండ్లు లెక్కలు వ్రాసిన మనిషి పాలవాని నెలబాకీ కూడలేకపోవుట, చారులో ఉప్పు రెండుమాఱులు వేయుట, చీకటిపడువేళ తన యింటనే కూర్చుండి "ఇంటికి పోదము రండు" అనుట - ఇవి వయస్సు చేయు పనులు కావు. దినకృత్యములకు అడ్డుతగులునంతగా జ్ఞప్తియు, మాటయు, వివేచనయు క్షీణించుటను వైద్యులు డిమెన్షియా యందురు. తెలుగున దానిని చిత్తవైకల్యమని వ్యవహరించుచున్నారు. 2023లో ప్రకటింపబడిన యొక అఖిలభారత పరిశీలన ప్రకారము, అరువదియేండ్లు నిండినవారిలో నూటికి 7.4 మందికి, అనగా దేశమున సుమారు 88 లక్షల మందికి, ఈ వ్యాధి యున్నది. పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను ఇది యెక్కువయని ఆ పరిశీలన తేల్చినది.

చిత్తవైకల్యము ఒక్క రోగము కాదు. జ్వరమునకు మలేరియా కారణము కావచ్చును, టైఫాయిడు కావచ్చును. అట్లే దీనికిని కారణములు పలు తెఱగులు. రక్తపుపోటు, మధుమేహము మొదలగువానిచే మెదడులోని సన్నని రక్తనాళములు మూసికొనిపోవుట యొక కారణము. అన్నిటికంటె తఱచుగా కనబడునది ఆల్జైమరు వ్యాధి. 1906లో జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమరు, ఏబదియేండ్ల ప్రాయముననే మతి చెడి ఆసుపత్రిలో చేరి మరణించిన యొక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. నరకణముల నడుమ గట్టిపడిన మచ్చలును, కణముల లోపల చిక్కుపడిన నూలువంటి పోగులును ఆయనకు కనబడెను. ఆ మచ్చలు అమిలాయిడు అను మాంసకృత్తుతోను, ఆ పోగులు టౌ అను మఱియొక మాంసకృత్తుతోను ఏర్పడినవని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ మచ్చలు పేరుకొనుట, మతిమఱపు పైకి కనబడుటకు పదునైదు ఇరువదియేండ్ల ముందే ఆరంభమగును. గోడలోపల చెదలు పట్టిన చాలకాలమునకు గాని దూలము వంగనట్లు, లోపల రోగము ముదిరిన పిదపనే మాట తడబడును.

మఱి లోపలి రోగమును వెలినుండి కనుగొనుట యెట్లు? మదనపల్లె ప్రాంతమువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1912లో స్థాపింపబడిన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమును మీ రెఱుగుదురు. భారతదేశమున బి.సి.జి. టీకాలు 1948లో మొట్టమొదట వేయబడినది మదనపల్లెలోనే. దగ్గు వచ్చిన ప్రతివానికి క్షయ యని అచ్చటి వైద్యులు తీర్పు చెప్పలేదు. కఫమును గాజుపలకపై పూసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూచిరి. క్రిమి కనబడినచో క్షయ యనిరి. దగ్గు అనుమానమును మాత్రమే కలిగించును. క్రిమి సాక్ష్య మిచ్చును. కాని మెదడు పుఱ్ఱెలో భద్రముగా మూయబడియున్నది. దాని కణమును తీసి పలకపై పూయుట సాధ్యము కాదు. కావున చాలకాలము ఆల్జైమరు వ్యాధి రూఢిగా తెలియుట, రోగి మరణించిన పిదప మెదడును కోసి చూచినప్పుడే జరిగెడిది.

గడచిన కొన్ని దశాబ్దములలో ఈ స్థితి మాఱినది. రోగి బ్రతికియుండగనే అతని దేహము చెప్పు సాక్ష్యములను శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటిగా కనుగొనిరి. వీనినే జైవసూచకములు, ఆంగ్లమున బయోమార్కర్లు అందురు. మొదటి సాక్షి ఎం.ఆర్.ఐ. చిత్రము. మెదడులో జ్ఞప్తికి ఆధారమైన భాగము కుంచించుకొనినదా, రక్తనాళము మూసికొనినదా, గడ్డ యున్నదా యనునది దీనివలన తెలియును. రెండవది వెన్నునీరు. నడుమువద్ద సన్నని సూదితో కొద్దిగా తీసి పరీక్షింతురు. ఆల్జైమరు రోగులలో ఆ నీటియందు టౌ పెరుగును, అమిలాయిడు తగ్గును. తగ్గుట యేమని మీకు తోచవచ్చును. ఒండ్రు చెఱువు అడుగున పేరుకొన్నకొలది పైనీరు తేటపడును గదా! అట్లే అమిలాయిడు మెదడులో పేరుకొన్నకొలది వెన్నునీటిలో తగ్గిపోవును. మూడవది పెట్ అను చిత్రము. అమిలాయిడు మచ్చలకు అంటుకొను మందును రక్తనాళములోనికి ఎక్కించి, ఆ మచ్చలను బ్రతికియున్న మనుజుని మెదడులో చూచిన పరిశోధన 2004లో వెలువడెను. ఇది మిక్కిలి వ్యయముతో కూడినది.

నాలుగవ సాక్షి మన మోచేతి రక్తము. మెదడులో రోగము ముదురునపుడు టౌ యొక్క రూపాంతరము ఒకటి, పి-టౌ 217 అనునది, రక్తములోనికి అతిసూక్ష్మమైన పాళ్లలో వచ్చి చేరును. దానిని, అమిలాయిడుతో సరిపోల్చి, కొలుచు రక్తపరీక్ష యొకదానికి 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణశాఖ అనుమతి నిచ్చినది. ఆ అనుమతి ఏబదియైదేండ్లు నిండి, మతిమఱపు లక్షణములు గలవారికి, నిపుణుల పర్యవేక్షణలో చేయుటకు మాత్రమే.

ఈ "మాత్రమే" అను మాటను మీరు మఱవరాదు. సాక్షి న్యాయాధిపతి కాడు. లక్షణము లేమియు లేక సుఖముగానున్న వృద్ధులలో సైతము కొందఱి మెదడున అమిలాయిడు మచ్చ లుండును. వారిలో పలువురు మతి చెడకయే జీవితము వెళ్లబుచ్చుదురు. మూత్రపిండముల వ్యాధి గలవారి రక్తమున ఆ టౌ పాళ్లు పెరిగి, వైద్యుని తప్పుదారి పట్టింపవచ్చును. కావున ఏ లోపమును లేనివారు కుతూహలముకొలది ఈ పరీక్ష చేయించుకొని భయము కొని తెచ్చుకొనవలసిన పని లేదు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానిమాబ్ అను మందు, తొలిదశలోని రోగులలో పదునెనిమిది నెలలకు క్షీణతను నూటికి 27 పాళ్లు మందగింపజేసినది. అది రోగమును కుదుర్చలేదు. కొందఱిలో మెదడు వాపును, రక్తస్రావమును కలిగించినది. జైవసూచకములచే రోగము రుజువు కానిదే ఆ మందు నీయరాదు.

ఇక మనకు ఎక్కువ పనికివచ్చు సంగతి చెప్పెదను. మతిమఱపుతో వచ్చినవారిలో కొందఱికి అసలు ఆల్జైమరు వ్యాధియే యుండదు. థైరాయిడు గ్రంథి మందగించినను, బి12 విటమిను లోపించినను మతి మసకబాఱును. మెట్టుమీద జారి తలకు దెబ్బతగిలిన కొన్ని వారములకు పుఱ్ఱెలోపల నెత్తురు నెమ్మదిగా నిండి, మనిషి మందమతియైనట్లు కనబడును. భార్యయో కుమారుడో పోయిన దిగులు మతిమఱపు వేషము వేయును. నిద్రమాత్రలు పగటినికూడ మత్తుగా చేయును. చెవుడు వచ్చినవాడు వినబడక మఱియొకటి బదులుచెప్పగా, మతి తప్పినదని మన మనుకొందుము. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. పెద్దతనమని ఊరకున్న యింట, ఒక సామాన్యమైన రక్తపరీక్షతో కుదురవలసిన మనిషి మంచమునకు అంటుకొనిపోవును. ఇది దైవకృతము కాదు, మన యుపేక్ష.

పరీక్ష యనగానే సూదులు, యంత్రములు మాత్రమే కావు. వైద్యుడు మొదట ప్రశ్నలడుగును. ఏ నెల, ఏ వారము? మూడు మాటలు చెప్పెదను, కొంతసేపైన పిదప మరల చెప్పుము. ఇచ్చట మన సరిహద్దుసీమకు సంబంధించిన చిక్కు ఒకటి యున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ పెనవేసికొనియున్నవి. ఇంట కన్నడమాడు అవ్వను తెలుగులో ప్రశ్నించి, బడి మెట్టెక్కని తాతను కాగితముపై వాక్యము వ్రాయుమని యడిగి, వారు తడబడగా రోగమని వ్రాయుట న్యాయము కాదు. ఇందుకొఱకే భారత వైద్య పరిశోధన మండలివారు తెలుగు, కన్నడము మొదలగు దేశభాషలలో ఈ పరీక్షలను సిద్ధము చేయించిరి. కావున వైద్యుని యొద్దకు పోవునపుడు పెద్దల మాతృభాష యేది, వారు ఎంతవఱకు చదివిరి యను రెండు సంగతులను ముందుగనే చెప్పుడు.

ఈ బహుభాషావాసము మనకు చిక్కు మాత్రమే కాదు, కొంత మేలుకూడ చేయుచున్నట్లు తోచును. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయందు డాక్టరు సువర్ణ అల్లాడియు, వారి సహచరులును 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 391 మంది రెండు గాని అంతకంటె ఎక్కువ గాని భాషలు మాటలాడువారు. ఒకే భాష మాటలాడువారికంటె వీరికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పైకి వచ్చినది. చదువురానివారిలోకూడ ఈ భేదము కనబడుట విశేషము. అనగా ఇది కేవలము బడిచదువు ఫలితము కాదు. ఒక భాషను అణచి మఱియొక భాషను తీయుట దినదినమును మెదడునకు సాము వంటిదని వారు భావించిరి. రెంటికి మించిన భాషలవలన అదనపు లాభము కనబడలేదు. రోగము రాకుండపోలేదు, ఆలస్యమైనది మాత్రమే. ఐనను నాలుగున్నర యేండ్లు మనుమల పేర్లు జ్ఞప్తియం దుండుట చిన్న లాభమా?

ఇతర జాగ్రత్తలును కలవు. రక్తపుపోటు, మధుమేహము, పొగాకు, చెవుడు, చూపుమందము, ఒంటరితనము మొదలగు పదునాలుగు కారణములను సవరించుకొన్నచో లోకమునందలి చిత్తవైకల్యములో నూటికి సుమారు 45 పాళ్లు తప్పింపనో వాయిదా వేయనో వచ్చునని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన పండితసంఘము తెలిపినది.

చదువుకొన్న పెద్దలైన మిమ్ము కోరునది రెండు పనులు. ఇంట నెవరికైన అనుమానము కలిగినచో, ఒక పుస్తకమున తేదీలు వేసి, ఏ దినమున ఏమి మఱచిరో, ఏమి తడబడిరో వ్రాయుడు. కలసి కాపురముండువారిలో ఒకరు ఆ పుస్తకముతో రోగివెంట వైద్యుని యొద్దకు పోవలెను. వైద్యునకు అంతకుమించిన సాక్ష్యము లేదు. స్థానిక వైద్యుడు థైరాయిడు, బి12 వంటివి చూచిన పిదప అవసరమైనచో, 1974లో ఏర్పడిన బెంగళూరు నిమ్హాన్సు మన సీమకు దాపుననే యున్నది.

రెండవది ధర్మసంబంధమైనది. మతి తప్పుచున్న వృద్ధునిచేత పొలము కాగితములపై వేలిముద్ర వేయించుకొన్న సంగతులు పంచాయతీలకు వచ్చుచుండును. ఒప్పందము చేయువాడు దాని మంచిచెడ్డలు తెలిసికొనగల స్థితిలో నుండవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. వ్యాధి తొలినాళ్లలోనే గుర్తింపబడినచో, ఆ పెద్ద తన తెలివియుండగనే, తన యిష్టప్రకారము, వీలునామా వ్రాసికొనగలడు. ఆలస్యమైనచో ఆయన పేరున ఇతరులు వ్రాయుదురు.

రోగము రుజువైన పిదప వాదులాటవలన ప్రయోజనము లేదు. "ఇంటికి పోదము" అని ఆయన అన్నచో "ఇదియే ఇల్లు" అని గద్దింపక, చేయిపట్టుకొని వాకిట నాలుగడుగులు నడిపించి తీసికొనిరండు. మతి చెదరినను మర్యాద తెలియును. ప్రేమతో పట్టిన చేయి తెలియును. మనకు పేరుపెట్టి పిలుచుట నేర్పినవారు మన పేరు మఱచిన నాడు, వారిని చూచి నవ్వక, వెంటనే వైద్యము చేయించుటయే మన కర్తవ్యము.