వెల్డింగ్ సర్టిఫికెట్‌కు ఏడాది పెట్టవచ్చా?

జుమా నమాజు ముగిశాక ఒక తండ్రి మసీదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపాడు. కొడుకు పదో తరగతి గట్టెక్కాడు. "వెల్డింగ్ షెడ్డులో ఉస్తాద్ దగ్గర పెడితే పనీ వస్తుంది, నాలుగు డబ్బులూ వస్తాయి. ఐటీఐలో ఏడాది కూర్చోబెడితే ఏం లాభం మౌల్వీ సాబ్?" అన్నాడు.

ఆయన లెక్క తప్పని మేము అనలేకపోయాం. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు స్వల్పమే. అసలు ఖర్చు ఏడాది పొడుగునా ఇంటికి రాని కూలి. అద్దె కట్టుకునే కుటుంబానికి అది చిన్న మాట కాదు. ఫిట్టర్ కోర్సైతే రెండేళ్లు!

మరి రాబడి? షెడ్డులో కాగితం ఎవరూ అడగరు. రైల్వేలో అప్రెంటిస్‌గా చేరాలంటే మాత్రం సాధారణంగా పదో తరగతితోపాటు ఐటీఐ సర్టిఫికెట్ చూపాలి. ఉస్తాద్ మాట అక్కడ చెల్లదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ కాలంలో స్టయిపెండు కూడా ఇస్తారు.

గల్ఫ్ సంగతి వేరు. పదో తరగతి ప్యాసైనవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ బాధ లేదు. కానీ పైపు పనికి తీసుకునే ముందు చేతిని పరీక్షిస్తారు. 45 డిగ్రీల వాలులో బిగించిన పైపును తిప్పకుండా చుట్టూ అతుకు వేయాలి. దాన్ని 'సిక్స్ జీ' అంటారు. ఐటీఐలో గడిపిన ఏడాదితోనే చెయ్యి అంతగా తిరుగుతుందని మేము అనుకోవడం లేదు.

ప్రభుత్వ సీటు వస్తే చేర్చమన్నాం, సెలవుల్లో ఉస్తాద్ దగ్గరికి పంపమన్నాం. అప్పు చేసి ప్రైవేటులో చేర్చేటట్లయితే ముందు వెళ్లి పిల్లల చేతికి రోజూ రాడ్డు ఇస్తున్నారో లేదో కళ్లారా చూడమన్నాం.

"ఆ షెడ్డులో కళ్లకు నల్ల అద్దం ఇస్తారా?" అని కూడా అడిగాం. ఆయనకు తెలియదు. కనుక్కుని వస్తానన్నాడు.