కారిబూల ఆకలిని కొలుచుట ఎట్లు?

అలాస్కాయందును, కెనడా దేశపు ఉత్తర భాగమునందును కారిబూ అను దుప్పిజాతి మృగములు మందలుగా సంచరించును. ఐరోపా, ఆసియా ఖండముల ఉత్తరపు కొసలలో నివసించు రెయిన్‌డీరును ఇదియు ఒకే జాతి. ఆడువానికి సైతము సాధారణముగా కొమ్ములు మొలచుట ఈ జాతి ప్రత్యేకత. ఈ మందలలో కొన్ని ఇటీవలి కాలమున మిక్కిలి క్షీణించినవి. కెనడాలోని బాథర్స్ట్ మందలో 1986లో సుమారు 4,70,000 కారిబూలుండగా, 2018 నాటి లెక్కలో సుమారు 8,200 మాత్రమే తేలినవి.

ఇట్టి క్షీణతకు కారణమేమి? తోడేళ్లా, వేటయా, రోగములా, ఆకలియా? ప్రశ్న పండితుల చర్చకు మాత్రమే సంబంధించినది కాదు. ఆకలిచే చిక్కిపోవు మందను తోడేళ్లను చంపి రక్షింపబోయిన ఫలము స్వల్పము. డెనే, ఇన్యూట్ జనులకు తరతరములుగా కారిబూ మాంసమే ఆహారము. కనుక వేటపై ఆంక్ష విధింపవలెనా, వలదా అను నిర్ణయము ఎన్నో ఇండ్ల పొయ్యిని తాకును. మంద కడుపు నిండియున్నదో లేదో ముందుగా తెలియవలెను. శీతకాలమున తెలియుట మరింత అవసరము.

అచ్చట నేల ఆరేడు నెలలు మంచుక్రింద నుండును. ఆ కాలమున చాల మందలకు ముఖ్యమైన మేత లైకెన్. బూజుజాతి జీవియు, నాచుజాతి జీవియు కలిసి బ్రతుకుటవలన ఏర్పడునదే లైకెన్. మన మసాలా దినుసులలోని రాతిపువ్వు ఈ వర్గమునకు చెందినదే. కారిబూ తన వెడల్పాటి గిట్టలతో మంచును త్రవ్వి దీనిని తినును. ‘కారిబూ’ అను పేరు గూడ తూర్పు కెనడాలోని మిక్‌మా జాతివారి భాషలో మంచును త్రవ్వునది అను అర్థముగల మాటనుండి వచ్చినది. లైకెన్‌లో పిండిపదార్థములు పుష్కలము. మాంసకృత్తులు మాత్రము అత్యల్పము. వేడికి లోటులేదు, కండకే లోటు. ఇది చాలనట్లు, అక్టోబరు ప్రాంతమున చూలు కట్టిన ఆడుకారిబూ మే, జూన్ నెలలలో ఈనును. గర్భములోని పిల్ల వేగముగా పెరుగునది శీతకాలపు చివరి నెలలలోనే. ఆ పిల్లకు కావలసిన మాంసకృత్తులు చాలవరకు తల్లి తన దేహమునుండియే ఈయవలసియుండును.

మంద ఆరోగ్యమును తెలిసికొనుటకు పూర్వపు మార్గము చచ్చిన జంతువును పరీక్షించుట. వీపు మీది కొవ్వు ముందుగా పోవును. మూత్రపిండముల చుట్టునున్నది పిదప పోవును. ఎముకలలోని మూలుగలో ఉన్నది అన్నిటికంటె చివర కరగును. బలిసిన జంతువు మూలుగ తెల్లగా, గట్టిగా ఉండును. ఆకలిచే చచ్చినదాని మూలుగ ఎఱ్ఱగా, జిగురుగా ఉండును. బేరింగు సముద్రములోని సెయింట్ మాథ్యూ దీవిలో 1944లో 29 రెయిన్‌డీర్లను విడిచిరి. 1963 నాటికి అవి సుమారు 6,000 అయినవి. లైకెన్ మేత నశించినది. 1966లో డేవిడ్ క్లైన్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించునప్పటికి ప్రాణముతోనున్నవి 42 మాత్రమే. ఎముకల మూలుగలో కొవ్వు లేకపోవుట ఆకలిచావునకు నిదర్శనమైనది. సాక్ష్యము తిరుగులేనిదే, కాని అది అందునప్పటికి చేయదగిన దేమియు మిగులలేదు.

బ్రతికిన జంతువును పట్టి తూచవచ్చును గదా? పట్టుదురు. హెలికాప్టరునుండి మత్తుమందు సూది వేసి, బరువు తూచి, తుంటిమీది కొవ్వు మందమును ధ్వనితరంగములతో కొలుతురు. కాని ఇది మిక్కిలి ఖర్చుతో కూడిన పని. చలిలో పరుగెత్తి అలసిన చూలు జంతువునకు ప్రమాదము గూడ. అందుచే శాస్త్రజ్ఞుల దృష్టి మంచుమీది పసుపుపచ్చని మరకలపై పడినది. జంతువు తెలియకయే తన ఆరోగ్యమును మంచుపై వ్రాసి పోవుచున్నది!

మూత్రములో యూరియా ఉండును. దేహములో మాంసకృత్తులు విచ్ఛిన్నమైనపుడు వెలువడు నత్రజని ఈ రూపము దాల్చును. అయితే మరకలోని యూరియాను కొలిచిన చాలదు. ఎంత మంచు అందులో కలిసినదో ఎవరు చెప్పగలరు? ఇందుకొక ఉపాయము కలదు. పానకములో నీరు పోసినచో తీపియు, కారమును రెండును పలుచనగును. కాని బెల్లమునకును మిరియములకును గల నిష్పత్తి మారదు. మూత్రములో మిరియములవంటిది క్రియాటినిన్. అది కండరములలో ప్రతిదినము ఇంచుమించు ఒకే పరిమాణమున పుట్టి, మూత్రముతో వెడలిపోవును. కావున యూరియాలోని నత్రజనిని క్రియాటినిన్‌తో భాగించి చూచినచో మంచు కలిసిన దోషము తొలగిపోవును. 1980 తరువాతి దశాబ్దములో మిన్నెసోటాలోని తెల్లతోక జింకలపై ఈ పద్ధతిని ప్రయోగించిరి. తరువాత ఇతర మృగములకును వ్యాపించినది.

సంఖ్యను చదువుటలోనే చిక్కున్నది. మేతలో మాంసకృత్తులు తగ్గినకొలది యూరియా తగ్గును. కారిబూ మరింత పొదుపరి. నెమరువేయు ఇతర జంతువులవలెనే అదియు యూరియాను మూత్రములో పారవేయక, మరల మొదటి పొట్టలోనికి పంపును. అచ్చటి సూక్ష్మజీవులు దానినుండి క్రొత్తగా మాంసకృత్తులను తయారుచేయును. అప్పుడు నిష్పత్తి చిన్నదగును. ఆకలి ముదిరి, కొవ్వు అడుగంటి, కండయే కరగసాగినపుడు యూరియా మరల ఉబికివచ్చును. అనగా బాగుగా తిన్న జంతువు మరకయందును, చావునకు దగ్గరపడిన జంతువు మరకయందును ఒకే సంఖ్య కనిపింపవచ్చును. ఒక్క అంకెను చూచి సంతోషించుట గాని, భయపడుట గాని తగదు. పేడలోని మొక్కల తునకలను సూక్ష్మదర్శినిలో చూచి, అది తిన్నదేమో తెలిసికొనవలెను. మేత కేవలము లైకెన్ అయినచో, పెద్ద సంఖ్యకు మాంసకృత్తులుగల మేత కారణము కాజాలదు.

సందేహమును తీర్చుటకు నత్రజని పరమాణువులు గూడ తోడ్పడును. నత్రజనిలో 14 ద్రవ్యరాశిగల తేలిక పరమాణువులే ఎక్కువ; 15 గల బరువైనవి స్వల్పము. తిన్న మేతలోకంటె జంతువు దేహములో బరువైన వాని పాలు కొంచెము హెచ్చు. కాబట్టి యూరియాలోని ఈ పాలును కొలిచి, అది మేతనుండి వచ్చినదెంత, కండనుండి వచ్చినదెంత అని అంచనా వేయుదురు. అలాస్కాలోని డెనాలి ప్రాంతపు కారిబూలపై ఈ విధమైన పరిశోధన జరిగినది.

మరకలను ఏరుట సులభమనుకొనరాదు. అడుగుజాడలవెంట నడచి, క్రొత్తగా పడిన మంచుపై తాజా మరకలనే తీయవలెను. ప్రయోగశాల చేరువరకు గడ్డకట్టియే ఉంచవలెను. ఒకే జంతువు రెండుమార్లు లెక్కకు రాకుండ, పేడలోని డి.ఎన్.ఎ.తో ఏది ఏ జంతువుదో గుర్తింపవచ్చును. ఒక్కొక్క మందనుండి పలు నమూనాలను, శీతకాలములో పలుమారులు తీసికొనినగాని నిష్పత్తి ఏ దిక్కుగా సాగుచున్నదో తేలదు.

శీతకాలపు నడుమ వాన కురిసి, మంచుపై గడ్డపలక ఏర్పడినపుడు ఈ శ్రమ విలువ తెలియును. గిట్టలు ఆ పలకను ఛేదింపలేవు. మేత కాలిక్రిందనే ఉండియు అందదు. కెనడా ఉత్తర దీవులలోని పియరీ కారిబూలు 1973-74 శీతకాలమున ఇట్లే పెద్ద సంఖ్యలో నశించినవి. కళేబరములను వేసవిలో లెక్కింపవచ్చును. మరకలలోని నిష్పత్తి పెరుగుట మాత్రము మార్చినెలలోనే కనిపించును.