గాలికి పోవు నత్రజని

మిట్టమధ్యాహ్నము, మడి నిండ నీరుండగా యూరియా చల్లి గట్టెక్కు రైతును చూచినపుడెల్ల నా మనసు చివుక్కుమనును. ఆయన పైరునకు పెట్టినది కొంత, గాలికి పెట్టినది కొంత.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. అనగా 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైమాటే. మట్టిలోని సూక్ష్మజీవుల వలన ఇది కొద్ది దినములలోనే అమ్మోనియాగా మారును. బురదలోనికి దిగినదానిని మట్టి పట్టి యుంచును; పైనీటిలో నిలిచినది వాయువై లేచిపోవును. పగటివేళ నాచు నీటిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొనుటచే నీటికి క్షారగుణము హెచ్చును. దానికి ఎండయు, గాలియు తోడైన నష్టము మరింత. చౌడు, సున్నపు నేలల సంగతి చెప్పనే అక్కరలేదు.

తెల్లవారుజామున పశువుల కొట్టములో ముక్కు నదరగొట్టు ఘాటు మీరెరిగినదే. పశువుల మూత్రములోని యూరియా మారగా వచ్చినదే ఆ అమ్మోనియా. కొట్టములో మన ముక్కునకు తగులును, పొలములో గాలి చెదరగొట్టుటచే తెలియదు. అంతే భేదము.

“వేపనూనె పూత ఉన్నది కదా, భయమేల?” అని కొందరందురు. 2015 నుండి దేశములో తయారగు యూరియా కంతటికి ఆ పూత వేయుచున్న మాట నిజమే. కాని అది ముఖ్యముగా అమ్మోనియా నైట్రేటుగా మారు వేగమును తగ్గించునది. ఆవిరియగుటను ఆపునని దానిని నమ్ముకొనరాదు.

కాబట్టి మడిలోని నీరు తీసివేసి, బురద పదునులో సాయంకాలము చల్లుడు. ఒకటి రెండు దినములు గడిచిన పిమ్మట పలుచగా నీరు పెట్టుడు. మెట్టపైరులలో సాలు ప్రక్కన వేసి మట్టి కప్పవలెను. నేలపై చల్లి వానకై ఎదురుచూచుట మంచిది కాదు. పెద్దవాన దానిని లోనికి దింపును గాని, మంచు, తుంపర దానిని కరగించి అక్కడనే వదలును.

అమ్మోనియం సల్ఫేటును సున్నముతో గాని బూడిదతో గాని కలుపరాదు. నమ్మనివారు చిటికెడు ఎరువును మూకుడులో తడిసున్నముతో పుల్లతో కలిపి చూడుడు. దూరమునుండియే వాసన తెలియును.

పొలములో నష్టమైన ఈ వాయువే గడ్డికి మేలు చేయును. 100 కిలోల ఎండు వరిగడ్డిపై, 4 కిలోల యూరియా కరగించిన 50 లీటర్ల నీటిని పొరపొరకు చల్లి, గాలి చొరకుండ కప్పి, 21 దినములు ఉంచినచో గడ్డి మెత్తబడి అరుగుదల హెచ్చును. యూరియా నీటిని పశువుల కందకుండ ఉంచవలెను, త్రాగినచో ప్రాణాపాయము. ఉద్యోగములో చేరిన క్రొత్తలో నేను పది మంది రైతులకు చూపుటకై ఇట్టి కుప్ప కప్పు తొలగించి, తల వంచి వాసన చూచితిని. కన్నీరు కారి, చెప్పవలసిన మాటలు వారే నాకు చెప్పిరి! గాలి వీపువైపునుండి వీచునట్లు నిలిచి కప్పు తీయుడు. ఘాటు తగ్గువరకు గడ్డిని ఆరబెట్టి మేపుడు. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు.

కోస్తాలో ఐసు ఫ్యాక్టరీల చెంత నివసించువారికి ఒక మాట. అచ్చటి ద్రవ అమ్మోనియా సున్నకు 33 డిగ్రీల దిగువననే మరుగును గనుక, గొట్టము పగిలిన క్షణములో పొగవలె క్రమ్మును. గాలి పోవు దిక్కున పరుగెత్తక, అడ్డముగా తప్పుకొని, తడిగుడ్డ ముక్కునకు పట్టుకొనవలెను. కంట బడినచో నలుపక, కనీసము 15 నిమిషములు మంచినీటితో కడిగి వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.