పాకం అక్కర్లేని పల్లీ ఉండ

పాకానికి భయపడి పల్లీ ఉండలు మానేసేవాళ్లు ఒక అంకె గుర్తుపెట్టుకుంటే చాలు: 49. నూరు గ్రాముల వేరుశనగ గుళ్లలో సుమారు 49 గ్రాములు నూనే. ఉండను కట్టి ఉంచేది అదే. పల్లీపట్టీకైతే బెల్లం పాకం 140 డిగ్రీలు దాటి ముదరాలి. ఇంకాస్త ముదిరితే మాడుతుంది, ముదరకపోతే పంటికి సాగుతుంది. ఉండకు ఆ గొడవ లేదు. పల్లీలు వేయించాక ఇక పొయ్యితో పనిలేదు.

కొలత ఇది: వేయించి పొట్టు తీసిన పల్లీలు 250 గ్రాములు, తురిమిన బెల్లం 150 గ్రాములు, యాలకులు 4, చిటికెడు ఉప్పు. తీపిలో ఉప్పేమిటని అడక్కండి, ఒకసారి వేసి చూడండి. నెయ్యి సున్నా.

వేయించేముందు గుళ్లను చాటలో పోసి ఏరడం మాత్రం తప్పదు. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి తీసేయాలి. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. శుద్ధికి వెళ్లే వేరుశనగలో అది కిలోకు 15 మైక్రోగ్రాములు మించకూడదని కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం. అంటే వందకోట్ల వంతుల్లో 15. అంత తక్కువ కంటికి కనిపించదు కాబట్టి, అనుమానం ఉన్న గుండును వదిలేయడమే దారి.

సన్నసెగ మీద 10, 12 నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లారనివ్వండి. అసలు కిటుకు మిక్సీలో ఉంది. పల్లీలో నూనె కణాల లోపల చిన్న చిన్న బొట్లుగా దాగి ఉంటుంది. బ్లేడు ఆ గోడలు పగలగొట్టేకొద్దీ పొడి కాస్తా తడిగా, ముద్దగా మారుతుంది. అందుకే ఒక్కో విడత 3 సెకన్లు తిప్పి ఆపండి. 6, 7 విడతలయ్యాక బెల్లం, యాలకులు, ఉప్పు వేసి ఇంకో రెండుసార్లు తిప్పండి. గుప్పిట్లో నొక్కితే నిలవాలి, అరచేతికి నూనె మెరుపు అంటాలి. అక్కడ ఆపేయండి. నేనోసారి ఫోను మాట్లాడుతూ ఆపకుండా తిప్పాను, జారులో పీనట్ బటర్ తయారైంది! అలా అయితే పుట్నాల పప్పు పొడి రెండు మూడు చెంచాలు కలపండి, దారికొస్తుంది. ఉండ నిలవడం లేదని నీళ్లు మాత్రం చల్లకండి. తడి తగిలితే త్వరగా పాడవుతుంది.

మొత్తం 400 గ్రాములు, 20 గ్రాముల చొప్పున 20 ఉండలు. ఒక్కోదానిలో సుమారు 100 క్యాలరీలు, 3 గ్రాముల ప్రొటీను, 6 గ్రాముల కొవ్వు, ఏడున్నర గ్రాముల బెల్లం. రెండు ఉండలు తింటే ఒక కోడిగుడ్డంత ప్రొటీను వస్తుంది. క్యాలరీలు మాత్రం గుడ్డుకు రెండున్నర రెట్లు. బెల్లం ఆరోగ్యమనే మాట వింటూనే ఉంటాం, కానీ లెక్కలో అదీ చక్కెరే. రోజుకు 2000 క్యాలరీలు తినేవారికి చేర్చిన చక్కెర 50 గ్రాములు మించకూడదని, 25 లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీలో పంచదార కూడా అందులోదే. అందుకే నా ఓటు రోజుకు ఒక్క ఉండకు, ఎదిగే పిల్లలకు రెండింటికి.

గాలి చొరని డబ్బాలో పెట్టి, పొడి చెయ్యితోనే తీయండి. వారం పది రోజుల్లో అయిపోయేలా చేసుకోండి. మూత తీయగానే పాతనూనె వాసన వస్తే మొహమాటపడకుండా పారేయండి.