ఫ్యామిలీతో సౌదీకా? ముందు ఈ లెక్క చూసుకోండి

సౌదీలో 5,000 రియాల్స్ జీతం అనగానే ఇంట్లోవాళ్లు మొదట రూపాయల్లో ఎంతవుతుందో చూస్తారు. భార్యాపిల్లల్ని కూడా తీసుకెళ్లాలంటే ఆ లెక్క సరిపోదు.

అక్కడ ఫ్యామిలీ ఇఖామా మీద ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రభుత్వానికి ఫీజు కట్టాలి. 2017 జూలైలో నెలకు 100 రియాల్స్‌తో మొదలైన ఈ ఫీజు ఏటా వంద చొప్పున పెరిగి 2020లో 400కు చేరింది. పెద్దలకూ పిల్లలకూ ఒకటే రేటు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాల్స్. అంటే దాదాపు మూడు నెలల జీతం దీనికే పోతుంది. పైగా ఇఖామా ఎన్ని నెలలకు రెన్యువల్ చేయిస్తే అన్ని నెలల డబ్బూ ముందే కట్టాలి.

ఇంటి అద్దె కూడా చాలాచోట్ల ఆరు నెలలది ఒకేసారి అడుగుతారు. స్కూల్ ఫీజు, రానుపోను టికెట్లు వేరే.

అందుకే ఒప్పుకునే ముందే కంపెనీని అడగాలి: ఫ్యామిలీ ఫీజు ఎవరు కడతారు? అద్దె, స్కూల్, టికెట్లు ఇస్తారా? ఫోన్‌లో "చూద్దాంలే" అంటే కుదరదు, ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలి. ఇవన్నీ తీసేశాక మిగిలేదాన్నే రూపాయల్లోకి మార్చి చూడండి. ఆ మొత్తం ఇక్కడి అమ్మానాన్నల ఖర్చుకూ చాలకపోతే, మొదటి ఏడాది ఒక్కరే వెళ్లడం మేలు. అప్పు చేసి అందరూ వెళ్తే, ఆ అప్పు తీరకముందే రెన్యువల్ వచ్చేస్తుంది.