చికిత్స తరువాత చెయ్యి కదలాలి

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకొని వచ్చిన సహోదరిని మన పల్లెల్లో రెండు విధాలుగా చూస్తూ ఉంటాము. కాస్త కలిగిన ఇంట్లో ఆమెను మంచం దిగనివ్వరు. చెంబు కూడా ఎత్తవద్దంటారు. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో, మిరపకోతలు మొదలు కాగానే ఆమె ముఠాతో పాటు ఆటో ఎక్కవలసి వస్తుంది. మొదటిది ప్రేమ, రెండవది అవసరము. అయితే ఆ చేతికి ఈ రెండూ మేలు చేయవు.

ఆపరేషన్‌లో చాలామందికి చంకలోని లింఫు గ్రంథులను కూడా తీసివేస్తారు. చేతిలో ఊరే నీరు వెనుకకు పోయే దారి ఆ గ్రంథుల గుండానే ఉంటుంది. దారి తగ్గితే నీరు నిలిచి చెయ్యి వాస్తుంది. ఈ వాపు కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్ల తరువాత రావచ్చును. అందుకే పూర్వము డాక్టర్లు సైతము ఆ చేతితో గట్టి వ్యాయామము వద్దనేవారు.

కెనడా దేశములోని వాంకూవర్‌లో డాక్టర్ డొనాల్డ్ మెకెంజీ ఈ మాటను పరీక్షించదలచారు. 1996లో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 24 మంది స్త్రీలకు నెలల తరబడి శిక్షణ ఇచ్చి, పొడవైన పడవలో తెడ్లు వేయించారు. ఎవరికీ కొత్తగా వాపు రాలేదు, ఉన్నవారికి పెరగలేదు. 2009లో అమెరికాలో, అప్పటికే చెయ్యి వాచిన 141 మందితో మరొక పరిశోధన జరిగింది. చేతికి బిగుతు తొడుగు వేసుకొని, శిక్షకుల ఎదుట కొద్దికొద్దిగా బరువులు పెంచిన స్త్రీలకు, అలా చేయనివారికన్నా వాపు ఎక్కువగా పెరగలేదు. వాపు ముదిరి బాధించిన సందర్భాలు వారిలోనే తక్కువ. వ్యాయామము వలన నీరసము, దిగులు తగ్గుతాయని 2019లో పలు దేశాల నిపుణులు కూడా తెలిపారు.

"పొలం పని చేస్తూనే ఉన్నాము గదా అయ్యగారూ, ఇంకా వ్యాయామమెందుకు?" అని మన సహోదరీలు అడుగుతారు. సరియైన ప్రశ్నే. కాని మిరపకోతలో వంగిన నడుము వంగినట్లే ఉంటుంది, చెయ్యి ఒకే తీరున ఆడుతుంది, అలసినా మేస్త్రి చెప్పేవరకు ఆగలేము. వ్యాయామములో ఈరోజు కొద్దిగా, వచ్చే వారము మరికొద్దిగా పెంచుకుంటాము. నొప్పి వస్తే ఆగుతాము. తేడా ఇదే.

మొదట డాక్టరును అడగండి. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి వంచి చాపడం చాలు. డాక్టరు అనుమతించిన తరువాత గోడకు ఎదురుగా నిలిచి వేళ్లను పైకి పాకించాలి. లేకపోతే భుజం బిగుసుకుపోతుంది. రోజుకు పది నిమిషాల నడకతో ఆరంభించి, వారానికి మూడు నాలుగు రోజులు అరగంట నడిచే స్థితికి రావాలి. ఎండ ముదరకముందే నడవండి. జ్వరము, ఆయాసము, ఎముకల నొప్పి ఉన్నప్పుడు నడక ఆపి డాక్టరుకు చూపించండి.

పొలానికి పోక తప్పనివారు ఆ చేతిని కాపాడుకోవాలి. ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకుంటాయి. ఆ చిన్న గాటునుండే చీము పట్టవచ్చును. చేతికి తొడుగు వేసుకోండి. గాయమైతే వెంటనే సబ్బుతో కడగండి. చెయ్యి ఎర్రబడి వేడెక్కి జ్వరము వస్తే తెల్లవారేవరకు ఆగవద్దు. నిండు బిందె, టిక్కీ బరువు ఒక్కసారిగా ఎత్తవద్దు. వాపు కనిపిస్తే నాటు కట్టు కట్టించక, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2020లో ప్రారంభమైన నాట్కో క్యాన్సర్ కేంద్రము వంటి చోట చూపించండి.

ఇక సంఘముగా మనము చేయవలసినది ఉంది. రొమ్ము తీసివేసిన స్త్రీ నలుగురిలోకి రావడానికి సిగ్గుపడుతుంది. ఒంటరిగా డొంక వెంట నడిస్తే "ఈమెకేమి వచ్చింది?" అనే చూపులు ఎదురవుతాయి. ఊచచెయ్యి గలవానిని ప్రభువు మూలను కూర్చోమనలేదు. అందరి మధ్య నిలువబెట్టి చెయ్యి చాపమన్నాడు. స్త్రీల సమాజమువారు నలుగురైదుగురు కలిసి వేకువ ప్రార్థన తరువాత కాలువగట్టు మీద నడిస్తే, ఆమె వారిలో ఒకతె అవుతుంది. భర్తలారా, ఆ అరగంట పొయ్యి దగ్గర పని మీరు చూడండి. అత్తగార్లారా, బిందె మీరు అందుకోండి. అట్టి సహోదరి మీ సంఘములో ఉంటే, ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె దగ్గరకు వెళ్లి, "రేపు వేకువను నీతో నేనూ నడుస్తానమ్మా" అని చెప్పండి.